నాలుగు గళ్ళు, ఒక్క ఎనిమిది

గళ్ళాయన ఆ రోజు ఉదయం చేయవలసిన పనులన్నీ ముందురోజే గళ్ళు గీసి రాసిపెట్టుకున్నాడు. ఆరున్నరకు స్నానం, ఏడింటికి కాఫీ, ఏడుంబావుకు నీలం సంచి భుజాన వేసుకుని బస్సు, పదింటికి మేనేజరు చేతిలో పట్టిక. పట్టిక నచ్చితే సూపర్‌వైజరు పోస్టుకు తన పేరు పంపుతానని మేనేజరు మాటిచ్చాడు. ఆ చివరి గడి నిండడం కోసం ఆయన పదకొండేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు.

ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది. నీటి మీటర్ల ఆఫీసులో అది హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. స్కేలూ పెన్సిలూ లేకుండా ఆయన కనపడిన రోజు లేదు గనక అందరికీ గళ్ళాయనే. ఇంట్లో పప్పుల డబ్బాలకు కూడా పట్టిక వేసి వంటింటి గోడకు అంటించాడు. ఏ డబ్బాలో ఏముందో ఆ పట్టిక చూసి ఆయన తెలుసుకునేవాడు. మూత తీసి చూసి ఆయన భార్య తెలుసుకునేది.

సరిగ్గా ఏడుంబావుకు నీలం సంచి కనపడలేదు.

"కుర్చీ పక్కన పెట్టిందేనా?" అంది భార్య గిన్నె తోముతూనే. "నిన్న సాయంత్రం పాత కాగితాల బండి వచ్చింది. ఇచ్చేశాను. అన్నీ చిత్తు కాగితాలే కదండీ."

"చిత్తు కాగితాలా? అందులో నలభై మంది అభిప్రాయాలున్నాయి."

"నా అభిప్రాయం ఎప్పుడైనా అడిగారా? కుర్చీ పక్కన సంచులు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాను."

గళ్ళాయన అదే కుర్చీలో కూలబడ్డాడు. సంగతి ఇది. ఆరు నెలల కిందట పెద్దాఫీసరు ఏదో సమావేశంలో, ఒళ్ళు వంచితేనే పని వంగుతుందని ఒక మాట అన్నాడు. మర్నాడే మేనేజరు తన ఆఫీసులో రోజూ పొద్దున అరగంట వ్యాయామం మొదలుపెట్టాడు. పెద్దాఫీసరు మెచ్చుకుంటూ ఉత్తరం రాస్తే దానికి అద్దం కట్టించి గోడకు తగిలించాడు. ఇప్పుడా పెద్దాఫీసరే, ఈ వ్యాయామం మీ వాళ్ళకు కావాలా వద్దా, ఏ అంతస్తు వాళ్ళు ఏమంటున్నారో పేర్లు లేకుండా అడిగి పట్టిక వేసి ఉంచండి, బుధవారం మూడింటికి వస్తాను అన్నాడు. ఈ రోజు బుధవారం.

కాగితాలన్నీ గళ్ళాయన ఇంటికి తెచ్చి, లెక్కపెట్టి, చిత్తు పట్టిక వేసి, ఆ చిత్తునూ సంచిలోనే పెట్టాడు. నిన్న సాయంత్రం మేనేజరు ఫోనులో మొత్తాలు అడిగాడు గనక అవి మాత్రం డైరీలో ఉన్నాయి.

ఈ గొడవ విని అత్తగారు పక్క గదిలోంచి వచ్చింది. ఆవిడ ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది. ఇప్పుడు బడిపిల్లలు లేని లోటు అల్లుడితో తీర్చుకుంటోంది.

"మొత్తాలున్నాయా?"

"డైరీలో ఉన్నాయి అత్తయ్యగారూ."

"చదవండి."

"పై అంతస్తు పదిహేను మంది, కింది అంతస్తు పాతిక మంది. కావాలి అన్నవాళ్ళు ముప్పై ఒకరు, వద్దన్నవాళ్ళు తొమ్మిది మంది. అంతా కలిపి నలభై."

"మరి ఈ మొహం వేలాడెయ్యడం దేనికి? నాలుగు గళ్ళలో ఒక్కటి తెలిస్తే చాలు. మిగతా మూడూ తీసివేతల్లో వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. ఒక్కటైనా గుర్తుందా?"

గళ్ళాయన కళ్ళు మూసుకున్నాడు. చిత్తు పట్టిక మసకమసగ్గా కనపడింది. కింది వరసలో చివరి గడి. అందులో రెండుసార్లు దిద్దిన ఎనిమిది.

"ఎనిమిది. కింది వరసలో, వద్దు అన్నచోట."

"కింది వరస అంటే?"

"కింది అంతస్తేగా. మేడ ఎలా ఉంటే పట్టికా అలాగే. పైది పైన, కిందిది కింద."

"చిత్తులో కూడా అలాగే వేశారా?"

"గళ్ళు గీయడం నాకివాళ కొత్తా అత్తయ్యగారూ?"

ఆవిడ కళ్ళజోడు మీదుగా ఒక చూపు చూసింది. ఆ చూపుకు ఒకప్పుడు వెనకబెంచీలు ఖాళీ అయ్యేవి. "సరే, తొమ్మిదిలో ఎనిమిది పోతే?"

"ఒకటి. అది పై అంతస్తులో వద్దన్నవాళ్ళు."

"పాతికలో ఎనిమిది పోతే పదిహేడు. పదిహేనులో ఒకటి పోతే పధ్నాలుగు. రెండూ కలిపితే?"

"ముప్పై ఒకటి," అన్నాడు గళ్ళాయన. ఆయన మొహం దీపంలా వెలిగింది. "కూడింది."

"కూడిందని మురిసిపోకండి. మొదటి గడి తప్పయితే మిగతా మూడూ తప్పే అవుతాయి, కానీ ఇంత చక్కగానూ కూడతాయి. అబద్ధం కూడా అడ్డంగా నిలువుగా సరిపోతుంది. ఈ లెక్కతో వచ్చిన చిక్కే అది."

ఈ చివరి మాట వినడానికి గళ్ళాయన అక్కడ లేడు. బస్సు వెంట పరుగెడుతున్నాడు.

వ్యాయామం జరిగేది పై అంతస్తు హాల్లో. పైవాళ్ళు పదిహేను మంది మేనేజరుతో సహా అక్కడే వరసగా నిలబడతారు. కిందివాళ్ళకు చోటు చాలదు గనక మెట్ల మీద, మెట్టుకొకరు చొప్పున నిలబడతారు. మెట్ల మీద చేయగలిగిన వ్యాయామం ఒకటే, పక్కనున్న కమ్మీ పట్టుకోవడం. పైగా ఆ అరగంటా కింద కౌంటరు తెరవక్కర్లేదు. అందుకే కిందివాళ్ళకు వ్యాయామమంటే ప్రాణం.

కిందివాళ్ళలో ఒక్క గళ్ళాయనకు మాత్రం మెట్టు దొరకలేదు. అంకెల మనిషి గనక పైకి పిలిచి, అందరి ముందు నిలబెట్టి, లెక్కపెట్టే పని అప్పగించాడు మేనేజరు. ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ అని అరగంట అరవాలి. రాత్రి నిద్రలో కూడా నాలుగు దగ్గర ఆగి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతున్నాడని భార్య రెండుసార్లు తట్టిలేపింది. కింది అంతస్తులో వద్దన్న ఎనిమిది మందిలో ఒకరెవరో గళ్ళాయనకు బాగా తెలుసు. ఎనిమిది మంది ఉన్నారు గదా, తను బయటపడే పని లేదని ఆయన ధీమా.

పదింటికి పట్టిక మేనేజరు బల్ల మీద ఉంది. మేనేజరు వేలు గళ్ళ మీదుగా జరిగి, పై అంతస్తు వరస చివర ఆగింది. నుదుటి మీద చెమట పట్టింది.

"ఒకటా?"

"ఒకటేనండి."

"ఇంకెవరూ లేరూ? బాగా చూశావా?"

"లేరండి. అడ్డంగా, నిలువుగా, రెండు రకాలుగానూ కూడి చూశాను."

మేనేజరు కాసిన్ని మంచినీళ్ళు తాగాడు. తరవాత గది తడికె దాటి హాలంతా వినపడేలా గొంతు పెంచాడు. "ఈ అంతస్తులో కూర్చుని, నా కళ్ళముందు ఒళ్ళు వంచుతూ, లోపల వద్దనుకునే మనిషి ఒకడున్నాడన్నమాట. ఒకే ఒక్కడు. పెద్దాఫీసరు వచ్చేలోపు వాడి పేరు తెలియాలి నాకు."

"కింద ఎనిమిది మంది ఉన్నారుగా అండి."

"వాళ్ళ సంగతి వదిలెయ్యి. మెట్ల మీద ఉండేవాళ్ళకు ఉంటే ఎంత, లేకపోతే ఎంత. నాకు ఈ ఒక్కడు కావాలి."

పావుగంటలో పై అంతస్తు పూనకం వచ్చినట్టయిపోయింది. కుర్చీలో కూర్చున్న మనిషి లేడు. ఒకాయన ఫైళ్ళు రెండు చేతులా చాచి పట్టుకుని అటూ ఇటూ నడుస్తున్నాడు. ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్ పెన్సిల్ కింద పడేసుకోవడం, మోకాళ్ళు వంచకుండా తీసుకోవడం, మళ్ళీ పడేసుకోవడం. టైపిస్టు నిలబడే టైపు కొడుతోంది. కింది అంతస్తులో ఇంకో రకం గొడవ. కింద ఎనిమిది మంది వద్దన్నారట అని తెలిసి, కౌంటరువాళ్ళు ఒకరి మొహం ఒకరు అనుమానంగా చూసుకుంటున్నారు.

"మనలో ఎనిమిది మందా? అరగంట సుఖం వదులుకునే వెర్రివాళ్ళు ఎవర్రా?"

"నన్ను చూస్తావేం? నేను రోజూ ఆ మెట్టు మీదే కునుకు తీస్తాను."

గళ్ళాయన తల వంచుకుని గీతలు గీసుకున్నాడు.

పదకొండింటికి టైపిస్టు దిగివచ్చింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "అన్నయ్యగారూ, ఆ ఒకటి నేనే. మీరు నా టిక్కు గుర్తుపట్టారని నాకు తెలుసు. ఇద్దరు పిల్లల్ని తయారుచేసి, స్కూల్లో దింపి, రొప్పుకుంటూ వస్తే మళ్ళీ ఎగరమంటే ఎలాగండీ? మీ చెల్లెలనుకుని నా పేరు చెప్పకండి."

చెప్పనని గళ్ళాయన మాటిచ్చాడు. ఆవిడ అటు వెళ్ళగానే ఇటు డ్రాఫ్ట్స్‌మన్ వచ్చాడు. "గురూగారూ, దాచి లాభం లేదు. ఆ ఒక్కణ్ణి నేనే."

గళ్ళాయనకు గుండె కరిగింది. పక్క బల్ల మనిషి మీద నింద పడకుండా ఎంత త్యాగం. "ఆవిడ కోసం మీరెందుకండీ ముందుకు రావడం?"

"ఏ ఆవిడ?"

"సరే, సరే. నేనేమీ అనలేదు."

అరగంటలో ఈ మాట మేడంతా పాకింది. డ్రాఫ్ట్స్‌మన్‌కూ టైపిస్టుకూ మధ్య ఏదో ఉందన్నారు. టైపిస్టు డ్రాఫ్ట్స్‌మన్‌తో మాట్లాడడం మానేసింది. ఎందుకు మానేసిందో తెలియక ఆయన ఇంకో నాలుగుసార్లు పెన్సిల్ పడేసుకున్నాడు. ఈలోగా మూడో మనిషి వచ్చి ఒప్పుకున్నాడు. తరవాత నాలుగో మనిషి. భోజనాల వేళకు మొత్తం ఏడుగురు, ఒకరికి తెలియకుండా ఒకరు, అదే మెట్లు దిగి, అదే మాట చెప్పి పోయారు. ఉన్నది ఒక్క నేరం, నేరస్తులు ఏడుగురు. గళ్ళాయన బుర్ర గిర్రున తిరిగింది.

అప్పుడు రికార్డుల తాత వచ్చాడు. పై అంతస్తులో పాత ఫైళ్ళ గది ఆయనది. నాలుగు నెలల్లో రిటైరవుతాడు. వంగినప్పుడల్లా ఆయన మోకాళ్ళు ఎండుకట్టెల్లా చిటపటమంటాయి.

"తాతా, నువ్వు కూడానా?"

"నేను కావాలి అనే పెట్టాను బాబూ. ఇంట్లో నేనొక్కణ్ణే. పొద్దున్నే నలుగురి మధ్య నిలబడి చేతులెత్తితే, ఉన్నానని నాకే తెలుస్తుంది." ఆయన పైకండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. "కానీ మోకాళ్ళు చప్పుడు చేస్తాయి గనక ఆ వద్దన్నవాణ్ణి నేనేనంటున్నారు మేనేజరుగారు. ఊరి చివరి పంపుహౌసుకు బదిలీ అట. మెమో టైపవుతోంది."

టైపు కొడుతున్నది టైపిస్టే. కొడుతూ ఏడుస్తోంది, ఏడుస్తూ తప్పులు కొడుతోంది. అందుకే మెమో ఇంకా పూర్తికాలేదు.

గళ్ళాయన రెండేసి మెట్లు ఎక్కి మేనేజరు గదిలోకి వెళ్ళాడు. "అయ్యా, తాత కాదండి."

"కాదని నాకూ తెలుసు," అన్నాడు మేనేజరు. లేచి తలుపు గడియ పెట్టాడు. మళ్ళీ వచ్చి కూర్చుని, గోడ మీది అద్దం కట్టిన ఉత్తరం వైపు దొంగచూపు చూశాడు. "ఆ ఒక్కణ్ణి నేనయ్యా."

"మీరా?"

"మెల్లగా. ఆరు నెలలుగా నా నడుం నాది కాదు. మొదలుపెట్టింది నేనే, ఆపమని నేనెలా చెబుతాను? పేర్లుండవు గదా, ఎవరో ఒకరు తోడుంటారు గదా అని వద్దు అని పెట్టాను. నువ్వేమో ఒక్కటని తెచ్చి బల్ల మీద పెట్టావు. పెద్దాఫీసరు ఎవరా ఒక్కడని అడిగితే నా మొహమే పట్టిస్తుంది. తాత ఎలాగూ వెళ్ళిపోయేవాడు. నాలుగు నెలలు పంపుహౌసులో గాలి పీల్చుకుంటాడు. నువ్వు ఊఁ అను, సూపర్‌వైజరు కాగితం మీద ఇప్పుడే సంతకం పెడతాను."

కలం మూత తీసి ఉంది. పదకొండేళ్ళ గడి ఎదురుగా నోరు తెరుచుకుని ఉంది. గళ్ళాయన మాత్రం వేళ్ళు మడుచుకుంటున్నాడు. ఏడుగురూ, ఈయనతో ఎనిమిది.

ఎనిమిది.

"ఒక్క ఫోను చేసుకుంటానండి," అని గడియ తీసి మెట్లు దిగాడు.

అవతల అత్తగారు ఫోనెత్తింది. ఆయన జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

"అయితే ఆ గడిలో ఉండవలసింది ఒకటి కాదు, ఎనిమిది," అంది ఆవిడ. "మీరు కూర్చునేది ఏ అంతస్తు?"

"కింద."

"చిత్తు రాసేటప్పుడు మనిషి తన దగ్గర్నుంచే మొదలుపెడతాడు. మీ అంతస్తును మొదటి వరసలో వేసుంటారు. పై అంతస్తు కింది వరసలో పడింది. మేడ తలకిందులైంది అల్లుడుగారూ. దిద్దండి. పైన వద్దు ఎనిమిది, కావాలి ఏడు. కింద?"

"కావాలి ఇరవై నాలుగు. వద్దు..."

"వద్దు ఎంత?"

"ఒకటి."

"ఎవరా ఒక్కడు?"

గళ్ళాయన ఫోను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకున్నాడు. అవతల ఆవిడ నిట్టూర్చింది. "అర్థమైంది. దిద్దిన లెక్కకు మార్కులు తగ్గవు. దిద్దకుండా ఉంచిన లెక్కకే తగ్గుతాయి." ఫోను పెట్టేసింది.

గళ్ళాయన కొత్త కాగితం తీసుకుని స్కేలు పెట్టి గీతలు గీశాడు. ఒక్క గీతా వంకర పోలేదు. కొత్త పట్టిక చూసిన మేనేజరు మొహంలోకి ఆరు నెలల నుంచి లేని రంగు వచ్చింది.

"ఎనిమిది మందా? ఏడుగురు తోడున్నారా నాకు? ప్రాణం లేచొచ్చిందయ్యా." సగం కొట్టిన తాత మెమోను తెప్పించి నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు. తరవాత యథాప్రకారం గొంతు పెంచాడు. "మరి కింద ఈ ఒక్కడెవడు?"

మూడింటికి పెద్దాఫీసరు వచ్చాడు. బక్కపలచని మనిషి, మాటలు అంతకన్నా పలచన. నలభై మందినీ హాల్లోకి పిలిచాడు. కిందివాళ్ళు అలవాటు కొద్దీ మెట్ల మీదే నిలబడ్డారు. ఆయన పట్టిక చదివాడు.

"పైన పదిహేను మందిలో ఎనిమిది మంది వద్దన్నారు. కింద పాతికలో ఇరవై నలుగురు కావాలన్నారు. స్పష్టంగానే ఉంది. రేపట్నుంచి వ్యాయామం కింది హాల్లో పెట్టండి. పైవాళ్ళకు అక్కర్లేదు. కిందివాళ్ళు పాపం మెట్ల మీద ఇరుక్కుంటున్నారు, ఇక హాయిగా అందరూ ఒళ్ళు వంచొచ్చు. కౌంటరు మాత్రం వేళకు తెరవాలి, కాబట్టి అరగంట ముందే రండి."

మెట్ల మీద ఇరవై నాలుగు చేతులు కమ్మీని గట్టిగా పట్టుకున్నాయి. ఈసారి వ్యాయామం కోసం కాదు.

"ఇంతకీ కింద వద్దన్న ఆ ఒక్కరు ఎవరు?" అన్నాడు పెద్దాఫీసరు.

మేనేజరు మెట్ల వంక చూశాడు, మెట్లు ఒకదాని వంక ఒకటి చూసుకున్నాయి. ఊరుకుంటే పోయేదేమీ లేదు. పేర్లు లేని కాగితాలు, అవీ పాత కాగితాల బండి ఎక్కేశాయి. గళ్ళాయనకు ఎదురుగా రికార్డుల తాత నిలబడి ఉన్నాడు. తనది కాని ఒకటిని పొద్దున్నుంచీ మోసిన మనిషి.

"నేనేనండి," అన్నాడు గళ్ళాయన.

"ఎందుకు వద్దన్నారు?"

"అందరూ వంగుతారు, లేస్తారు. నేను లెక్కపెడతానండి. ఇంటికెళ్ళినా ఆగడం లేదు."

"పట్టిక వేసిందెవరు?"

"నేనేనండి."

పెద్దాఫీసరు కళ్ళజోడు తీశాడు. "మీరే వేసి, మిమ్మల్ని పట్టించే ఒకటిని మీరే రాశారా? అక్కడ సున్నా పెట్టుకుంటే ఎవరికి తెలిసేది?"

"మొత్తం కూడదండి."

పెద్దాఫీసరు నవ్వడం ఆ ఆఫీసు అదే మొదటిసారి చూడడం. ఆయన మేనేజరు వైపు తిరిగాడు. "మీకు సూపర్‌వైజరు పోస్టొకటి ఖాళీగా ఉండాలి. కింది అంతస్తుకు ఈయన్ని వెయ్యండి. లెక్క తప్పని మనిషి. వ్యాయామం కూడా ఈయనే దగ్గరుండి చేయించాలి. ఇరవై నలుగురినీ, ఒక్కరూ తగ్గకుండా."

ఇరవై నాలుగు జతల కళ్ళు గళ్ళాయన మీద వాలాయి. పదోన్నతికి వచ్చిన మొదటి అభినందన మాత్రం రికార్డుల తాతది. ఆయన చెయ్యి పట్టుకుని, "కిందికి నేనూ రావచ్చా బాబూ?" అన్నాడు. అలా ఇరవై ఐదయ్యారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కాళ్ళు పీకుతున్నాయి, మనసు తేలికగా ఉంది. చెప్పులు విప్పి తలెత్తి చూస్తే బల్ల మీద నీలం సంచి. పక్కనే నలభై కాగితాలు అంచులు కలిపి పేర్చి ఉన్నాయి. వాటి మీద చిత్తు పట్టిక, మొదటి వరసలో కింది అంతస్తు.

"బండివాడికి నేనిచ్చింది ఇంకో నీలం సంచండీ, పాత పత్రికలున్నది," అంది భార్య వంటింట్లోంచే. "మీది తలుపు వెనక గొడుగు కింద వేలాడుతోంది. అమ్మకు కనపడింది."

"ఎప్పుడు కనపడింది?"

"మీరు బస్సెక్కిన అయిదు నిమిషాలకు," అంది అత్తగారు కాఫీ అందిస్తూ.

గళ్ళాయన కాఫీ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "మరి మధ్యాహ్నం ఫోను చేసినప్పుడైనా చెప్పొచ్చు కదా అత్తయ్యగారూ. కాగితాలు చూసి ఏ గడిలో ఎంతో చదివేస్తే సరిపోయేది."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది.

"చూసి రాస్తే దాన్ని లెక్క అనరు అల్లుడుగారూ. కాపీ అంటారు."